పులికి సిఫారసు లేఖ లేదు

ఎర్రకనుమ జాతీయ వనంలో జంతువుల వల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది జనం వల్ల వచ్చింది. పోయిన సీజన్లో ఒక ఆదివారం పులి కనబడిందని తెలిసి సఫారీ జీపులన్నీ ఒకే బాట మీదికి వచ్చాయి. ముందు జీపు వెనక్కి రాలేదు, వెనక జీపు ముందుకు పోలేదు. జనం దిగి తిట్టుకున్నారు. పులి కొంతసేపు చూసి వెళ్లిపోయింది. ఆ గొడవను ఎవరో ఫోనులో తీశారు. అందులో పులి కూడా ఉంది గానీ ఎవరూ గమనించలేదు.

రాజధానిలో సమీక్ష జరిగింది. సమస్య వన్యప్రాణులది కాదు, రద్దీది అని తేల్చారు. రద్దీ తెలిసిన అధికారి ఎవరున్నారని చూశారు. అటవీ శాఖలో లేరు. దేవాదాయ శాఖలో ఉన్నారు. ఆ విధంగా, ఉద్యోగమంతా పెద్ద గుళ్లకు కార్యనిర్వహణాధికారిగా చేసిన కోదండపాణి గారు డిప్యుటేషన్ మీద ఎర్రకనుమకు డైరెక్టరుగా వచ్చారు. అడవిని ఆయన అంతకుముందు రైలు కిటికీలోంచి చూశారు.

చేరిన రోజు గేటు దగ్గర చెప్పులు విప్పారు. రేంజ్ ఆఫీసరు మస్తాన్‌వలి ముళ్లుంటాయని చెప్పి మళ్లీ తొడిగించాడు.

మొదటి సమావేశంలో డైరెక్టరు గారు కలం మూత తీసి అడిగారు.

"మొత్తం ఎన్ని పులులండీ?"

"పదకొండు సర్."

"అందులో దర్శనమిచ్చేవి?"

మస్తాన్‌వలి ఆలోచించాడు. "ఒకటి సర్. టి-ఏడు అంటాం. ఆడపులి. అది గూడా అప్పుడప్పుడు."

"తక్కిన పది?"

"ఉంటాయి సర్. కనపడవు."

"అంటే పరివార దేవతలు" అని డైరెక్టరు గారు రాసుకున్నారు. "దర్శన వేళలు?"

"దాని ఇష్టం సర్."

కలం ఆగింది. "చూడండి మస్తాన్‌వలి గారూ. ఇష్టం అనే మాట ఫైల్లో వాడకూడదు. వేళలు నిర్ణయించి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

"ఎవురికి తెలియజేయాల సర్?"

"సంబంధిత వర్గాలకు."

నెల తిరక్కుండానే మార్గదర్శకాలు వచ్చాయి. ఇకమీదట ఎర్రకనుమలో సఫారీ అనే మాట ఉండదు. సర్వదర్శనం ఉంటుంది. అది ఉచితం. శీఘ్రదర్శనం ఉంటుంది. దానికి టికెట్టు. ప్రజాప్రతినిధుల సిఫారసు లేఖ తెచ్చినవారికి బ్రేక్ దర్శనం ఉంటుంది. బ్రేక్ నడుస్తున్నంతసేపు సర్వదర్శనం ఆపుతారు. ఇవి కాక ఆర్జిత సేవలు. తెల్లవారుజామున పులి లేచేటప్పుడు మేలుకొలుపు సేవ. మడుగులో నీళ్లు తాగేటప్పుడు జలపాన సేవ. దంపతులు సంప్రదాయ దుస్తుల్లో రావాలి. అడవిలో తెల్ల పంచె దూరానికి కనబడుతుందని మస్తాన్‌వలి అన్నాడు. కనబడడం కోసమే గదా అందరూ వచ్చేదని డైరెక్టరు గారన్నారు. ప్రసాదంగా పులిహోర పెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. మర్యాదగా ఉండదని తిరస్కరించి చక్కెర పొంగలి ఖాయం చేశారు. తలనీలాల విషయం పరిశీలనలో ఉంది.

బాట మలుపుల్లో సేవకులను నిలబెట్టారు. జీపు ఆగకూడదు, కదులుతూనే చూడాలి. ఆగితే సేవకుడు జీపు వెనక చరిచి "జరగండి, జరగండి" అంటాడు. ఒక ఉదయం టి-ఏడు నిజంగానే బాట పక్కన పడుకొని కనబడింది. జీపుల్లో ఉన్నవారందరూ చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి అది లేదు. దర్శనం బాగా జరిగిందని వారందరూ అభిప్రాయాల పుస్తకంలో సంతకాలు చేశారు. ఆ వారం రాజధాని నుంచి డైరెక్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

పత్రం వచ్చాక క్యూ కాంప్లెక్స్ కట్టారు. గుళ్లో క్యూలు కట్టిన కాంట్రాక్టరే వచ్చాడు. పాత నక్షానే తెచ్చాడు. మడుగుకు ఎగువన వరసగా ఇనుప ఊచల కంపార్ట్‌మెంట్లు. పైన రేకులు, లోపల సిమెంటు అరుగులు, గోడకు టీవీ. టీవీలో ఇదివరకు తీసిన పులి తిరుగుతూ ఉంటుంది. జనాన్ని లోపలికి పంపి బయట తాళం వేస్తారు. కంపార్ట్‌మెంట్ల ముందు నుంచి, రెండు పక్కలా కంచె ఉన్న సన్నటి దారి ఒకటి మడుగు దాకా పోతుంది. అది బ్రేక్ మార్గం. లేఖ ఉన్నవారు నడిచేది.

కొలతలు వేస్తున్నప్పుడే మస్తాన్‌వలి చెప్పాడు. "సర్, ఆ దారి టి-ఏడుది. కొండ మీది నుంచి మడుగుకు అట్లనే దిగుతాది. వాళ్లమ్మ గూడా అట్లనే దిగేది."

"ప్రత్యామ్నాయ మార్గం చూపించండి."

"చూపిస్తే పోదు సర్."

"సూచిక బోర్డు పెట్టండి."

బోర్డు పెట్టారు. బాణం గుర్తు కూడా వేశారు. బ్రేక్ మార్గానికి అటు చివర, ఇటు చివర గేట్లు వచ్చాయి. పని లేనప్పుడు వాటికి తాళాలు వేయాలని ఉత్తర్వు. మస్తాన్‌వలి తాళాలు తీసుకున్నట్టు సంతకం చేసి, వాటిని స్టోర్లో పెట్టాడు. గేట్లు చేరవేసి వదిలేశాడు. పులి మూతితో నెడితే తెరుచుకునేట్టు.

ఆ సీజన్లో సర్వదర్శనానికి వచ్చినవారిలో ఉసేనమ్మ, ఆమె భర్త దస్తగిరి ఉన్నారు. ఆత్మకూరు పక్క పల్లె వాళ్లది. ఏటా పీర్ల పండగకు దస్తగిరి పులివేషం కడతాడు. ఒళ్లంతా పసుపు పూసి, దాని మీద నల్ల చారలు వేసేది ఉసేనమ్మ. పెళ్లయిన ఏడాది నుంచీ ఆమే వేస్తోంది. ఆ చుట్టుపక్కల పులి అంటే ఆమె గీసిన పులే. అసలు పులిని ఆమె చూడలేదు. అక్కడ ఎవరూ చూడలేదు గనక ఇన్నాళ్లూ తప్పు పట్టినవారు లేరు.

ఇప్పుడు ఆమెకు కళ్లలో నీటికాసులు. చూపు పక్కలన్నీ మూసుకుపోయి, నడిమధ్య కొంచెం మిగిలింది. అదీ ఎక్కువ కాలం ఉండదని నంద్యాల డాక్టరు చెప్పాడు. ఆ కొంచెంలో ఒకసారి పులిని చూడాలని ఆమె కోరిక. మొదటిసారి వచ్చినప్పుడు వారి వంతు వచ్చే ముందు బ్రేక్ మొదలైంది. రెండోసారి మైకులో ప్రకటన వచ్చింది. "భక్తులకు విజ్ఞప్తి. టి-ఏడు ప్రస్తుతం ఏకాంతంలో ఉన్నందున దర్శనం నిలిపివేయడమైనది." పొంగలి తిని పోయారు.

మూడోసారి వచ్చిన రోజున పై నుంచి ప్రముఖులు వస్తున్నారు. వారికి జలపాన సేవ ఏర్పాటైంది. కంపార్ట్‌మెంట్లన్నీ పొద్దున్నే నింపి తాళాలు వేశారు. మధ్యాహ్నమైంది. రేకులు కాలుతున్నాయి.

మస్తాన్‌వలి నీళ్ల క్యాను మోసుకొని వచ్చి ఊచల సందుల్లోంచి గ్లాసులు అందించాడు. ఉసేనమ్మను గుర్తుపట్టాడు.

"మళ్లీ వచ్చినావా అవ్వా?"

"రాక యాడికి పోదును సారూ. కండ్లు పోయేలోపల ఒక్క తూరి సూపియ్యి. నేనేసే సారలు దానికుండేటియా కాదా, అంతే నాకు కావాల్సింది."

"ఇన్నేండ్లు నా ఒంటి మీద గీకి, ఇప్పుడు డౌటొచ్చిందంట సారూ ఈమెకు" అన్నాడు దస్తగిరి.

"నీకేం తెలుచ్చాది? నువ్వు అద్దంలో చూసుకుంటివా? కల్లు తాగి ఎగురుడే గదా నీ పని."

"పులన్నాక ఎగరదామ్మే?"

పక్కన కూర్చున్న రిటైర్డు కండక్టరు సుంకన్న నవ్వాడు. "కొట్లాడొద్దండప్పా. టీవీలో తిరుగుతాంది గదా, దాన్ని చూసి సరిపెట్టుకోండి."

"దాన్ని పక్కనించి తీసినారన్నా. అదీ మబ్బుమబ్బు. నాకు అగపడేది దబ్బణమంత సందు. అంతలో ఏం కనపడతాది?"

మస్తాన్‌వలి గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. "అవ్వా, ఆ మూలకు కూచోవాకు. ఈ ఊచల కాడికి రా. దారి పక్కకు. మూతి ఇటు పెట్టుకోని కూచో."

"ఈడేముంది సారూ?"

"గాలొస్తాది" అని చెప్పి క్యాను తీసుకొని పోయాడు.

మడుగు దగ్గర ప్రముఖులు కుర్చీల్లో కూర్చున్నారు. పట్టుపంచెలు, శాలువలు. డైరెక్టరు గారు గడియారం చూసుకొని, వేళయిందని సైగ చేశారు. సన్నాయి, డోలు ఒక్కసారిగా మొదలయ్యాయి. జలపాన సేవకు మేళతాళాలు ఉండాలని మార్గదర్శకాల్లో ఉంది.

టి-ఏడు తెల్లవారకముందే దిగి వచ్చి ఉంది. మడుగుకు అవతల, గడ్డిలో కూర్చొని జనం పోతే నీళ్లు తాగుదామని చూస్తోంది. డోలు వినగానే లేచింది. కొండ ఎక్కాలంటే దానికి తెలిసిన దారి ఒకటే. గడ్డి చాటున మడుగు చుట్టి, కుర్చీల వెనక నుంచి బోర్డు దాటింది. గేటును మూతితో నెట్టింది. బ్రేక్ మార్గంలోకి వచ్చింది.

ముందుగా మాట్లాడింది సేవకుడు ఓబులేసు. ఆ దారికి మడుగు వైపు చివర నిలబడి, వచ్చినవారిని త్వరగా పంపడం అతని పని. అలికిడి వినబడింది. ప్రముఖులు తిరిగి వస్తున్నారనుకొని, తల తిప్పకుండానే "జరగండి, జరగండి" అన్నాడు. తల తిప్పాక ఏమీ అనలేదు. రేకుల పైకి ఎలా ఎక్కాడో అతనికి ఇప్పటికీ తెలియదు.

కంపార్ట్‌మెంట్లలో మాటలు ఆగిపోయాయి. టీవీ ఒక్కటే మోగుతోంది. మొదటి కంపార్ట్‌మెంటులో అందరూ లేచి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. రెండోదానిలోనూ అంతే. పులి ఆగలేదు. ఒక్కొక్క కంపార్ట్‌మెంటు దాటుకుంటూ, ఊచల వెనక నిలబడిన మనుషులను చూసుకుంటూ వచ్చింది. సుంకన్న కళ్లు మూసుకొని గోవింద నామం అందుకున్నాడు, లోలోపల.

ఉసేనమ్మ ఊచలు పట్టుకొని కూర్చుని ఉంది. కళ్లు మూయలేదు. మూయడానికి ఆమె దగ్గర అంత చూపు లేదు.

పులి ఆమె ముందు ఆగింది. ఆమెకు దాన్ని ఒకేసారి మొత్తం చూడడం కుదరదు. నుదురు చూసింది. తల కొంచెం తిప్పి చెంప చూసింది. మెడ, భుజం, డొక్క. ఒక్కొక్క చారను ఆ సందులోకి తెచ్చుకొని, కుడి చేతి వేలితో గాలిలో గీసుకుంటూ పోయింది. పులి ఆ వేలిని చూసింది. తర్వాత తల తిప్పి నడక సాగించింది. అది తల తిప్పినప్పుడు చెవుల వెనక భాగం ఆమె ఎదురుగా వచ్చింది. నల్లటి చెవుల వెనక ఒక్కొక్క తెల్ల మచ్చ.

"ఓయమ్మే" అంది ఉసేనమ్మ. "అది నేనెప్పుడూ ఏయల్యా."

దస్తగిరి చూస్తున్నది చారలను కాదు, కాళ్లను.

"ఎగరల్యామ్మే" అన్నాడు. "ఒక్క తూరన్నా ఎగరల్యా. నడ్సుకుంటా పాయ."

మడుగు దగ్గర ప్రముఖులు సాయంత్రం దాకా కూర్చొని, పొంగలి తీసుకొని వెళ్లిపోయారు. ఓబులేసును దించడానికి నిచ్చెన తెప్పించారు. నిచ్చెన ఎందుకని డైరెక్టరు గారు అడగడంతో సంగతి బయటపడింది. మర్నాడు విచారణ పెట్టారు. కంపార్ట్‌మెంట్లలో ఉన్నవారిని పేరుపేరునా పిలిపించారు.

డైరెక్టరు గారి కష్టం సామాన్యమైనది కాదు. సర్వదర్శనం వారికి పులి కనబడిందంటే, సిఫారసు లేఖ ఉన్నవారికి దొరకని దర్శనం లేఖ లేనివారికి, అదీ బ్రేక్ మార్గంలో, దొరికినట్టవుతుంది. ఆ మాట పైకి పోతే ఆయన మళ్లీ గుడికి కూడా పోలేరు. కనబడలేదంటే తాళాలు వేయని మస్తాన్‌వలిని సస్పెండు చేయడానికి ఆధారం ఉండదు. ఉత్తర్వు మాత్రం టైపయి సిద్ధంగా ఉంది. తేదీ ఒక్కటే వేయాలి.

సాక్షులు అందరూ ఒకే మాట చెప్పారు. దర్శనం అద్భుతంగా జరిగింది, కళ్లు మూసుకున్నాం. సుంకన్న కూడా అదే చెప్పాడు. అది లెక్కలోకి రాదని తేల్చారు. ఓబులేసు సిబ్బంది గనక సందర్శకుడి కిందికి రాడు. కళ్లు తెరిచి ఉన్న సందర్శకులు ఇద్దరు మిగిలారు. దస్తగిరి, తాను కాళ్లే చూశానన్నాడు. కాళ్లు పాక్షిక దర్శనం కిందికి వస్తాయి. ఆఖరికి ఉసేనమ్మను పిలిచారు. మస్తాన్‌వలి గోడ పక్కన నిలబడి బూట్లు చూసుకుంటున్నాడు. అతని బెల్టు మీది బిళ్ల డైరెక్టరు గారి ముందు టేబుల్ మీద ఉంది. సస్పెండయితే అప్పగించాలని ముందే తీయించారు.

"కూర్చోండమ్మా. మీ ప్రకటన నమోదు చేయబడుతుంది. టి-ఏడు మీకు కనబడిందా? అవును, కాదు అని మాత్రమే చెప్పవలసి ఉంటుంది."

"కనపడితే ఏం జేస్తారు సారూ?"

"బాధ్యులపై శాఖాపరమైన చర్య ఉంటుంది."

"అంటే ఈ సారు మీదనా?"

"మీకు సంబంధించని విషయం."

ఉసేనమ్మ మస్తాన్‌వలి వైపు తిరిగింది. అతను ఎక్కడున్నాడో పట్టుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

"మేం యాడ సూసినాం సారూ?" అంది డైరెక్టరు గారితో. "మమ్మల్ని లోపలేసి బీగం పెడితిరి. బయట ఇడిసిపెట్టింది దాన్ని. అదే వచ్చి వరసగా అందర్నీ సూసి పాయ. మేం ఊచల ఎనకాల ఉన్యాం. సూసేదెవురు, సూపిచ్చుకునేదెవురు? మీరే సెప్పండి."

బయట నిలబడిన సుంకన్న కిటికీలోంచి తల పెట్టాడు. "అవును సార్. ఓబులేసు జరగండన్నాడు గానీ అది ఇనల్యా. తీరిగ్గా సూసుకోని పోయినాది."

డైరెక్టరు గారు ఉసేనమ్మ అన్న మాటను ఆమె చేత మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత స్వయంగా రాశారు. "విచారణలో తేలినది ఏమనగా, సదరు రోజున సందర్శకులకు టి-ఏడు దర్శనం కలగలేదు. టి-ఏడుకు సందర్శకుల దర్శనం కలిగినది." రెండుసార్లు చదువుకున్నారు. ఆయన ముఖంలో రక్తం తిరిగింది. ప్రముఖులకు అన్యాయం జరగలేదు. సర్వదర్శనం వారికి అదనంగా ఏమీ దక్కలేదు. గేట్ల గుండా నియమం తప్పినవారు మనుషుల్లో ఎవరూ లేరు.

మిగిలింది పులి. అది సిఫారసు లేఖ లేకుండా బ్రేక్ మార్గంలో ప్రవేశించి, కంపార్ట్‌మెంట్లన్నిటినీ దగ్గర నుంచి చూసింది. దానికి సంజాయిషీ నోటీసు తయారైంది. నోటీసును స్వయంగా అందజేసి రసీదు తీసుకోవాల్సింది రేంజ్ ఆఫీసరు. రేంజ్ ఆఫీసరు లేకపోతే అందజేసేవారు లేరు. కాబట్టి మస్తాన్‌వలి సస్పెన్షన్ ఉత్తర్వు నోటీసుకు జవాబు వచ్చేదాకా ఆపారు. బిళ్ల తిరిగి ఇచ్చారు.

అతను నోటీసును మడుగు పక్కనున్న మద్దిచెట్టుకు అంటించాడు. కొండముచ్చులు బంక కోసం దాన్ని నాకి, కాగితం కూడా తిన్నాయి. గడువు లోపల జవాబు రాలేదు. గడువు పొడిగించారు. ఇంకా పొడిగిస్తున్నారు.

పీర్ల పండగ వచ్చింది. ఉసేనమ్మ పల్లెకు ముఖ్య అతిథిగా కోదండపాణి గారు వెళ్లారు. పులితో సంబంధమున్న కార్యక్రమం గనక ఆహ్వానం ఆయనకే వచ్చింది. మస్తాన్‌వలి జీపు నడిపాడు. పని ఒత్తిడి వల్ల డైరెక్టరు గారు టి-ఏడును అప్పటికింకా చూడలేదు.

పీర్ల చావిడి ముందు డప్పులు మోగాయి. దస్తగిరి వేషం కట్టుకొని వచ్చాడు. ఎగరలేదు. నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కరి ముందు ఆగి, ముఖం చూసి, తల తిప్పి ముందుకు పోయాడు. జనం అరిచారు.

"ఏందప్పా దస్తగిరీ, ఎగురు!"

"మోకాళ్లు పోయినాయేమో రా!"

"ఇది పులా, పింఛన్ ఆఫీసరా?"

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి పులిని వెనక నుంచి పరిశీలించారు. కట్టిన చెవుల వెనక ఒక్కొక్క తెల్ల సున్న ఉంది. పక్కన రంగు గిన్నె పట్టుకొని నిలబడిన ఉసేనమ్మను పిలిచారు.

"అమ్మా, పులికి చెవుల వెనక తెల్ల మచ్చ ఏమిటి? ఎక్కడ చూశారు మీరు?"

డప్పుల మోతలో కూడా ఆ ప్రశ్న మస్తాన్‌వలికి వినబడింది. అతను జీపు దగ్గర నిలబడిపోయాడు.

ఉసేనమ్మ వేలి చివరి సున్నం చీరకు తుడుచుకుంది.

"నాకు కండ్లు కనపడవు గదా సారూ" అంది. "సెయ్యి జారి పడినట్టుండాది. తుడిపేస్తాలెండి."

"సరిచేయండి. జనానికి తప్పుడు సమాచారం పోకూడదు" అని డైరెక్టరు గారు కూర్చున్నారు.

ఆమె గిన్నె తీసుకొని దస్తగిరి దగ్గరికి పోయింది. ఎడమ చెవి పట్టుకొని, కళ్లకు దగ్గరగా తెచ్చుకొని, అంచు చెదిరిన ఆ మచ్చను గుండ్రంగా మళ్లీ దిద్దింది.